ఖాళీ అని రాసిచ్చిన డ్రమ్ము

ఏలూరులో రైలు కట్టకి అవతల, కాలవ వారన, వరుణ ఐస్ ఫ్యాక్టరీ అని ఒకటి ఉండేది. కొల్లేటి చేప హౌరా దాకా మర్యాదగా ప్రయాణం చెయ్యాలంటే ముందు అక్కడికి వచ్చి ఒళ్ళంతా మంచు కప్పుకుని లారీ ఎక్కేది. ముప్ఫై ఒక్క సంవత్సరాలు ఆ మంచు గడ్డ కట్టించిన మనిషి మదార్. యజమాని వేరే ఉండేవాడు. ఆయన నీళ్ళు చూసి లాభం అనేవాడు, మదార్ అదే నీళ్ళు చూసి ఇంకా మూడు గంటలండీ అనేవాడు. ఎప్పుడూ మదార్ మాటే నెగ్గేది.

ఐస్ ఫ్యాక్టరీలో ఆపరేటరుకి జీతం ఇచ్చేది చేతులకి కాదు, ముక్కుకి. నీళ్ళని గడ్డ కట్టించేది అమ్మోనియా గ్యాసు. అది కంటికి కనపడదు, గొట్టాల్లో చప్పుడు చెయ్యదు, లీకైతే మాత్రం మనిషిని నిలబడనివ్వదు. గోడ మీద గేజీలు ఉండేవి గాని వాటిని నమ్మిన ఆపరేటరు ఆ చుట్టుపక్కల ఎవడూ లేడు. ఎక్కడో వెనకాల గొట్టం కీలు దగ్గర గ్యాసు ఒక్క పిసరు కారితే, ముందు గదిలో టీ తాగుతున్న మదార్ గ్లాసు కింద పెట్టి లేచేవాడు. ఆకివీడు నుంచి తాడేపల్లిగూడెం దాకా ఏ ఐస్ ప్లాంటులో అనుమానం వచ్చినా ఆ ముక్కు కోసం మోటారు సైకిలు పంపేవారు. ముక్కుతో పాటు వెనక సీటు మీద మదార్ కూడా వెళ్ళేవాడు.

లోకమంతా మూతికి గుడ్డ కట్టుకున్న ఏడాది మదార్‌కీ జ్వరం వచ్చింది. జ్వరం పోతూ పోతూ వాసన పట్టుకుపోయింది. అందరికీ నెలకో రెండు నెలలకో తిరిగొచ్చింది, ఆయనకి రాలేదు. పొయ్యి పక్కనే కూర్చుని ఉండగా కొరమీను పులుసు మాడి బొగ్గయిన రోజున ఆ సంగతి భార్య సకీనాకి తెలిసింది. ఆమె గిన్నె తోముకుంటూ, "ఏవండీ, ఇది మనిద్దరిలోనే ఉండాలండి" అంది. ఉంది. పేరున్న వంశాల్లో పిచ్చి మేనమామని దాచినట్టు ఆ ముక్కుని దాచారు.

అప్పటికే వరుణ మూతపడి ఏళ్ళు గడిచాయి. మదార్ కైకలూరు వైపు ఒక రొయ్యల ప్లాంటులో, తర్వాత అదీ లేక ఇంట్లో, కాలక్షేపం చేస్తున్నాడు. అలాంటి రోజుల్లో పట్టణ శోభా ట్రస్టు వారు వచ్చారు.

చచ్చిన ఫ్యాక్టరీలకి పునర్జన్మ ఇవ్వడం ఆ ట్రస్టు ఆశయం. వరుణ ఐస్ ఫ్యాక్టరీ వచ్చే జన్మలో 'హిమగృహం' అనే పిల్లల గ్రంథాలయంగా పుట్టాలని తీర్మానించారు. హైదరాబాదు నుంచి రమ్యశ్రీ అనే ఆర్కిటెక్టు వచ్చింది. గోడల సున్నం గీకించి లోపలి ఇటుక బయట పెట్టించింది. ఆ ఇటుక కనపడకూడదనే అరవై ఏళ్ళ కిందట సున్నం వేశారని ఎవరూ గుర్తు చెయ్యలేదు. ఐస్ డబ్బాలు దించే ఉప్పునీళ్ళ తొట్టి నిలువెత్తు లోతు. అందులో దిండ్లు పరిచి, దిగడానికి ఒక మూల చెక్క నిచ్చెన పెట్టి, పఠన కుహరం అన్నారు. కంప్రెసరుకి లేత నీలం రంగు వేశారు. గేజీలకీ వేశారు, అద్దంతో సహా. దాని పక్కన పన్నెండడుగుల పొడవున పడుకుని ఉండే గ్యాసు డ్రమ్ముకీ అదే రంగు వేసి, దాన్ని మధ్యకి పొడవునా కోయించి, పైసగం తీసేసి, పిల్లలు కూర్చునే పడవలా చెయ్యాలని ఆమె బొమ్మ గీసింది. బొమ్మ చాలా బావుంది. అందులో ఒక పిల్ల కాళ్ళు చాపుకుని పుస్తకం చదువుకుంటోంది.

అయితే డ్రమ్ములో గ్యాసు లేదని తెలిసినవాడెవడో రాసివ్వాలి. మదార్‌ని పిలిపించారు. రాసిస్తే కాపలాదారు ఉద్యోగం, వెనకాల రెండు గదుల ఇల్లు, సకీనాకి టీ కొట్టు.

ట్రస్టు ఇంజనీరు విశ్వనాథ్ సిమెంటు విషయంలో గట్టివాడు. గ్యాసు అంటే ఆయనకి తెలిసింది వంటింటి సిలిండరే. దుమ్ముకి జేబురుమాలు అడ్డం పెట్టుకుని గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"ఏవండీ మదార్ గారూ, ఉందంటారా లేదంటారా?"

ఫ్యాక్టరీ మూసేనాటి పద్ధతి ప్రకారం గొట్టాల్లో గ్యాసంతా ఆ డ్రమ్ములోకి తోసి వాల్వు కట్టేసింది మదారే. రెండు నెలల్లో మళ్ళీ తెరుస్తాం అన్నారు కదా అని. తర్వాత యజమాని గ్యాసు అమ్మేశాడని ఊళ్ళో చెప్పుకున్నారు. మదార్ డ్రమ్ము దగ్గర వంగి, పానాతో వాల్వుని వెంట్రుకవాసి తిప్పి, తన వృత్తికి తగ్గ గాంభీర్యంతో ముక్కు ఆనించాడు. ఏమీ లేదు. గులాబీ తోటలో పెట్టినా ఆ ముక్కుకి ఏమీ ఉండదన్న సంగతి ఆ క్షణంలో ఆయనకి గుర్తు రాలేదని చెప్పలేం. గుర్తొచ్చింది. కానీ ముప్ఫై ఒక్క ఏళ్ళు నమ్మినదాన్ని విశ్వనాథ్ ఎదురుగా అనుమానించడం చేతకాలేదు. వెనకాల రెండు గదుల ఇంటి కిటికీ కూడా అక్కణ్ణించి కనపడుతోంది.

"ఖాళీయేనండి" అని వాల్వు కట్టేసి సంతకం పెట్టాడు. కళ్ళు తుడుచుకున్నాడు. ఆయన కళ్ళు ఎప్పుడూ నీళ్ళు కారేవే. దూరం నుంచి రమ్యశ్రీ ఫోటో తీసుకుంది.

మూడు నెలలు గడిచాయి. సకీనా టీకి పేరొచ్చింది. శుక్రవారం ఉదయం పదింటికి ప్రారంభోత్సవం. రిబ్బను కత్తిరించడం పాతబడిందని, ముఖ్య అతిథి స్వహస్తాలతో గ్యాస్ కట్టరు పట్టుకుని డ్రమ్ము మీద తొలి కోత పెట్టాలని నిర్ణయించారు. ఒక బడి నుంచి ముప్ఫై మంది ఆడపిల్లలు వచ్చి కుహరంలో కూర్చుని ప్రార్థన పాడతారు.

బుధవారం ఆహ్వాన పత్రికలు అచ్చయి వచ్చాయి. అట్ట మీద మదార్ ఫోటో. కింద 'పాత ఫ్యాక్టరీని చూసి కన్నీటి పర్యంతమైన కార్మికుడు' అని ఉంది.

సకీనా మురిసిపోయి చూసింది. "ఎంత ఏడ్చారండీ! నాతో చెప్పనే లేదు."

మదార్ అద్దాలు పెట్టుకుని చూశాడు. కళ్ళు మామూలుగా కారడం కాదు. ఎర్రగా వాచి, రెప్పలు బిగుసుకుని, చెంపల మీద రెండు పాయలు దిగి ఉన్నాయి.

"ఆ రోజు నేను ఏడవలేదే. ఉద్యోగం వచ్చిందని ఆనందంగా ఉన్నాను" అన్నాడు.

అని, ఆ మాట తనే ఇంకోసారి విన్నాడు. ఉల్లిపాయ కోస్తే కళ్ళు మండటానికి ముక్కు పని చెయ్యక్కర్లేదు. ముక్కుకి తెలియనిది ఆ రోజు కళ్ళకి తెలిసింది. ఆ కళ్ళు చెప్పిందే ఇప్పుడు వెయ్యి కాపీలు వేయించి ఊరంతా పంచుతున్నారు.

పాత పెట్టె వెతికి గంధకం వత్తి ఒకటి తీశాడు. ముక్కుని నమ్మలేని రోజుల కోసం పెద్దవాళ్ళు కనిపెట్టిన సాధనం అది. వెలిగించి లీకు దగ్గర పెడితే, అమ్మోనియా తగలగానే చిక్కటి తెల్లపొగ వస్తుంది. వాల్వు చక్రాన్ని రమ్యశ్రీ గోడకి అలంకారంగా బిగించేసింది గనక పానా వేసి వెంట్రుకవాసి తిప్పాడు. పాలు పొంగినట్టు తెల్లగా పొగ లేచింది. గభాల్న కట్టేశాడు. డ్రమ్ము మీద చెయ్యి వేశాడు. చల్లగా, ఏమీ ఎరగనట్టు, నీలంగా ఉంది.

మొదట రమ్యశ్రీ దగ్గరికి వెళ్ళాడు.

"అమ్మా, ఆ డ్రమ్ము కొయ్యకూడదమ్మా. దాంట్లో ప్రాణం ఉంది." ఫ్యాక్టరీ భాషలో గ్యాసు ఉందనడానికి అలాగే అంటారు.

ఆమె కళ్ళు మెరిశాయి. "ఒక్క నిమిషం అండీ, ఒక్క నిమిషం" అని కెమెరా తెచ్చి నిలబెట్టింది. "ఇప్పుడు చెప్పండి బాబాయ్ గారూ. ప్రాణం ఉంది అన్నారే, అక్కణ్ణించి."

"గ్యాసమ్మా, గ్యాసు. నేనే కట్టాను లోపల. కోస్తే మనుషులు పోతారు."

"అద్భుతంగా చెప్పారండి. కొంచెం ఇటు తిరుగుతారా, వెలుతురు మొహం మీద పడాలి."

మూడుసార్లు చెప్పించుకుంది. మూడోసారి ఆమె కళ్ళు తుడుచుకుంది. పాతవాళ్ళకి యంత్రాలతో ఉండే అనుబంధం తను పుస్తకాల్లో చదివిందని, ఇవాళ ప్రత్యక్షంగా చూశానని అంది.

అక్కణ్ణించి విశ్వనాథ్ దగ్గరికి. ఆయన ముందు అసలు రహస్యం విప్పక తప్పలేదు.

"సార్, నాకు వాసన తెలీదండి. నాలుగేళ్ళైంది. తెలిసినట్టు సంతకం పెట్టేశాను. తప్పు నాదేనండి."

విశ్వనాథ్ ఆయన్ని ఎగాదిగా చూశాడు. "ఎవరు చెప్పమన్నారండీ మిమ్మల్ని ఇలాగ? జీతం గురించైతే సూటిగా అడగొచ్చు కదా."

"జీతం కాదండీ బాబూ, రండి, చూపిస్తాను."

వచ్చాడు. మదార్ వత్తి వెలిగించి, పానా పట్టాడు. తెల్లపొగ లేవగానే వాల్వు కట్టేశాడు.

"గంధకం కాలిస్తే పొగ రాక పన్నీరొస్తుందేంటండీ? ముందు ఆర్పండి! కొత్త రంగు. ఇది చారిత్రక కట్టడం, నిప్పు తేకూడదని మీ నియామక పత్రంలోనే ఉంది." విశ్వనాథ్ డ్రమ్ముకి రెండు గజాల దూరంలో ఆగి, అధికారికంగా గాలి పీల్చాడు. "నాకు మీ గంధకం వాసన తప్ప ఏమీ రావట్లేదే."

"వాల్వు కట్టేశానండి, అందుకని."

"కట్టేసే ఉంది కదా మరి. ఇంకేమిటి బాధ?"

"శుక్రవారం కోస్తారు కదండీ!"

"ఖాళీ అని రాసింది ఎవరు? ఆ కాగితం మీద బీమా తీసుకున్నాం, పెద్దాయన్ని పిలిచాం. ఇప్పుడు కాదంటే ముందు పట్టుకుపోయేది మిమ్మల్నే." పానా అడిగి తీసుకుని తన బల్ల సొరుగులో పెట్టి తాళం వేశాడు. "మీ మనసు నాకు అర్థమైందండి. మా నాన్నగారు కూడా పాత స్కూటరు అమ్మేటప్పుడు ఇలాగే చేశారు."

యజమాని కొడుక్కి ఫోన్ చేస్తే, నాన్నగారు అమ్మేశారనే అనుకున్నాం, ఇప్పుడా ఆస్తి మాది కాదుగా అన్నాడు. ఫైరు వాళ్ళకి చేస్తే, ఎత్తినాయన చాలా మర్యాదగా, "ఇప్పుడు కారుతోందాండీ?" అని అడిగాడు.

"ఇంకా లేదండి."

"కారినప్పుడు వెంటనే చెప్పండి, బండి పంపిస్తాం."

మదార్ ఫోన్ పెట్టేసి, టీ కొట్టు ముందు బల్ల మీద కూర్చున్నాడు. తను పెట్టిన సంతకం మీద ఊరందరికీ గురి కుదిరింది. తన మాట మీద ఒక్కరికీ కుదరలేదు. రెండూ ఒక మనిషివే.

"సకీనా, కారితే గాని నమ్మరట."

ఆమె గ్లాసులు కడగడం ఆపి ఆయన మొహంలోకి చూసింది. ముప్ఫై ఎనిమిదేళ్ళ కాపరంలో ఆమెకి ఆ మొహం చదవడం వచ్చు. "పిల్లలు ఆ గోతిలో ఉంటారండి. ఒక్కటే నిచ్చెన."

"వాళ్ళని నువ్వు తియ్యాలి."

"ఉద్యోగం పోతుంది."

"పోతుంది."

"ఇల్లో?"

ఆయన వెనక్కి తిరిగి ఇంటి కిటికీ వైపు చూశాడు. ఆమె మళ్ళీ గ్లాసులు అందుకుంది. "పిల్లల సంగతి నేను చూసుకుంటాలెండి" అంది.

శుక్రవారం తొమ్మిదిన్నరకే అందరూ వచ్చారు. ఆడపిల్లలు వరసగా నిచ్చెన దిగి దిండ్ల మీద కూర్చున్నారు. ముఖ్య అతిథి ఏదో శాఖలో పెద్ద పదవి చేసి రిటైరైన ఆయన, పంచెకట్టులో వచ్చారు. కట్టరు పట్టే మనిషి మనోజ్ సిలిండర్లు నిలబెట్టుకుని, పానాతో బిగింపులు చూసుకుంటున్నాడు.

మదార్ ఆఖరి ప్రయత్నంగా పెద్దమనిషి తరహాలో పోదామనుకున్నాడు. వెళ్ళి డ్రమ్ము ఎక్కి, గుర్రం మీద కూర్చున్నట్టు కూర్చున్నాడు.

"నేను దిగనండి. దీంట్లో గ్యాసుంది. గ్యాసు కంపెనీ వాళ్ళని పిలిచి తోడించండి, అప్పుడు దిగుతాను."

చప్పట్లు మొదలయ్యాయి. రమ్యశ్రీ కెమెరా పట్టుకుని నేల మీద మోకరిల్లింది. ముఖ్య అతిథి చలించిపోయారు. తనకోసం తెచ్చిన శాలువా తీసి స్వయంగా మదార్ భుజాల చుట్టూ కప్పి, శ్రమజీవి గురించి పది నిమిషాలు మాట్లాడారు. మాట్లాడుతున్నంతసేపూ మదార్, "అయ్యా, గ్యాసండీ" అంటూనే ఉన్నాడు. అది మైకులో పడలేదు. ఉపన్యాసం అయ్యాక విశ్వనాథ్, ఇంకొకరు చెరో రెక్కా పట్టుకుని, దేవుణ్ణి దించినంత భద్రంగా ఆయన్ని కిందికి దించారు.

పెద్దమనిషి తరహా అయిపోయింది.

ఆయన తల తిప్పి సకీనా వైపు చూశాడు. ఆమె గోతి అంచుకి వెళ్ళి చేతులు రెండూ నోటికి అడ్డం పెట్టుకుని అరిచింది. "పాపలూ! బయట జామకాయలూ, ఐస్‌క్రీములూ పంచుతున్నారర్రా! ముందొచ్చినోళ్ళకే!"

ప్రార్థన రెండో చరణంలో ఆగిపోయింది. ముప్ఫై మంది ఆడపిల్లలు ఒక్క నిచ్చెన మీదుగా అంత వేగంగా ఎక్కగలరని ఆ నిచ్చెన చేసిన వడ్రంగికి కూడా తెలిసి ఉండదు. వాళ్ళ వెనకాల వాళ్ళ టీచరమ్మ, "లైను! లైను!" అని అరుస్తూ పరిగెత్తింది. పెద్దలు మాత్రం కదల్లేదు. వాళ్ళకింకా సన్మానాలు ఉన్నాయి.

మనోజ్ కట్టరు వెలిగించి, ముఖ్య అతిథి చేతికి తన చెయ్యి ఊతమిచ్చి డ్రమ్ము వైపు నడిపిస్తున్నాడు. మదార్ వంగి మనోజ్ సామాన్లలో పానా అందుకున్నాడు. ఆఖరి పిల్ల పావడా గుమ్మం దాటేదాకా ఆగాడు. వాల్వుకి పానా తగిలించి పావు చుట్టు తిప్పాడు.

వాసన అనే మాట దానికి చాలదు. మొహం మీద ఎవరో గాజుపెంకులు విసిరినట్టుంటుంది. మొదట అర్థమైంది మనోజ్‌కి. "ఆయ్, ఇదేంటండీ!" అని మంట ఆర్పేసి, ముఖ్య అతిథిని మూటలా చంకన పెట్టుకుని బయటికి దూకాడు. విశ్వనాథ్ దగ్గుతూ, కుర్చీలు తన్నుకుంటూ వెళ్ళాడు. మూడు నెలల్లో ఆయన గ్యాసు ఉందని ఒప్పుకోవడం అదే మొదలు. రమ్యశ్రీ కెమెరా వదిలేసి గోడ తడుముకుంటూ ఉంటే సకీనా చెయ్యి పట్టి లాక్కుపోయింది.

హాలు ఖాళీ అయింది. ఇక కట్టెయ్యాలి. మదార్ పూలు వేసిన గంగాళం నీళ్ళలో శాలువా ముంచి మొహానికి చుట్టుకుని మళ్ళీ వంగాడు. పాతికేళ్ళ వయసులో ఊపిరి బిగపట్టి రెండు నిమిషాలు పని చేసేవాడు. ఇప్పుడు అరవై మూడు. కొత్త రంగు మరల్లోకి దిగి వాల్వు సగంలో పట్టేసింది. రెండు చేతులా బలం పెడితే ఒక్కసారిగా తిరిగింది. తిరిగేముందు చల్లటి జల్లు ఒకటి కుడి కంట్లో కొట్టింది. వాల్వు పూర్తిగా బిగిసిందని చేత్తో తడిమి చూసుకుని, అప్పుడు పాకుతూ బయటికి వచ్చాడు.

అప్పుడు కారింది గనక ఫైరు బండి వచ్చింది.

ఆస్పత్రిలో రెండు కళ్ళకీ కట్లు కట్టారు. ఎడమది నిలబడుతుందన్నారు, కుడిదాని గురించి చూద్దాం అన్నారు. ఆ మాట డాక్టర్లు ఎప్పుడంటారో సకీనాకి తెలుసు. ఆమె ఆ పూట ఏమీ తినలేదు.

మర్నాడు విశ్వనాథ్ ఒక కాగితంతో వచ్చాడు. గొంతు ఇంకా బొంగురుగానే ఉంది.

"మదార్ గారూ, ట్రస్టు వారు చాలా పెద్ద మనసు చేసుకున్నారండి. పోలీసు కేసు వద్దన్నారు. మీ ఇల్లు మీకే, కొట్టు ఆవిడకే. ఇక్కడొక్క సంతకం చాలు. చెయ్యి నేను పట్టుకుంటాను."

"సకీనా, చదువు" అన్నాడు మదార్.

ఆమె కూడబలుక్కుంటూ చదివింది. ఫ్యాక్టరీ మీది మమకారం కొద్దీ, మనసు స్థిమితం తప్పి, డ్రమ్ములో అడుగున మిగిలిన కాస్త గ్యాసునీ నేనే వదిలేశాను. ఇప్పుడు డ్రమ్ము పూర్తిగా ఖాళీ.

మదార్ తడుముకుంటూ లేచి కూర్చున్నాడు.

"మళ్ళీ ఎప్పుడు కోస్తారండి?" అని అడిగాడు మదార్.

"సోమవారం. ఈసారి సభ లేదులెండి. పిల్లలొచ్చేలోపు పని అయిపోవాలి కదా."

"నేను వదిలింది కేజీ కూడా ఉండదండి. మిగతాదంతా దాంట్లోనే ఉంది."

"అది మీరు అంటున్నారు."

"నేనే అంటున్నానండి. ఖాళీ అన్నదీ నేనే. అప్పుడు నమ్మారు."

విశ్వనాథ్ కలం మూత తీసి, పెట్టి, మళ్ళీ తీశాడు. "ఆలోచించుకోండి. రెండు గదుల ఇల్లండి. ఈ వయసులో, ఈ కళ్ళతో ఎక్కడికెళ్తారు?"

మదార్ భార్య వైపు మొహం తిప్పాడు. ఆమె ఏ పక్కన ఉందో సరిగ్గా తెలియక కొంచెం ఎక్కువే తిప్పాడు. సకీనా కాగితాన్ని మడత పెట్టి, విశ్వనాథ్ చేతిలో పెట్టింది.

"ఆయన సంతకం చెయ్యరండి. మీరు కాఫీ తాగి వెళ్ళండి."

ఆయన కాఫీ తాగలేదు. సోమవారం మనోజ్ రానన్నాడు. ఏలూరులో ఇంకో ఇద్దరిని అడిగారు. అప్పటికే మనోజ్ కళ్ళు ఎలా ఉన్నాయో వాళ్ళు చూసి ఉన్నారు. తాడేపల్లిగూడెం నుంచి ఒకతను వచ్చి, మొన్న కారాక ఖాళీ అని ఆ ఆపరేటరు గారి కొత్త సంతకం ఏదండీ అని అడిగి, లేదంటే సామాన్లు ఎత్తుకుని వెళ్ళిపోయాడు. ఇక గత్యంతరం లేక ట్రస్టు వారు కబురు పెడితే, పదకొండో రోజున విశాఖపట్నం నుంచి గ్యాసు కంపెనీ మనుషులు లారీ, ముసుగులు, గొట్టాలతో దిగారు.

అదే రోజు ఇల్లు ఖాళీ చెయ్యమని మదార్‌కి గడువు. సామాను ఒక ట్రాలీ ఆటోకి సరిపోయింది. లోపలికి రానివ్వవద్దని ఉత్తర్వు ఉంది గనక ఆయన గేటు బయటే, చువ్వలు పట్టుకుని, ఎడమ కన్నుతో చూస్తూ నిలబడ్డాడు. పొద్దున్నించి సాయంత్రం దాకా తోడారు. ట్రాలీ అతను రెండుసార్లు హారన్ కొట్టాడు.

ముసుగు తీసి మొహం కడుక్కుంటున్న పనివాణ్ణి పిలిచి, "ఎంత వచ్చిందండీ?" అని అడిగాడు.

"నూట నలభై కేజీల పైనే ఉందండి. ఎవడో మహానుభావుడు ఖాళీ అని రాశాడంట."

"అవునండి" అన్నాడు మదార్.

సకీనా వచ్చి మోచెయ్యి పట్టుకుంది. ఆమె తమ్ముడిది పెంటపాడు. వెనకాల గొడ్ల పాక ఒకటి ఉంది, గోడలు పెట్టుకుంటే ఉండొచ్చు అన్నాడు. ట్రాలీలో మంచం కోళ్ళ మధ్య ఇద్దరికీ చోటు చేసుకున్నారు. గతుకు వచ్చినప్పుడల్లా ఆమె ఆయన కుడి వైపు చెయ్యి అడ్డం పెట్టింది. అటువైపు ఏది వచ్చి తగులుతుందో ఆయనకి తెలియదు గనక.